అప్‌డేట్: నాన్న మతిమరుపుకి జీన్ థెరపీ చేయించాలా అని అడిగాను కదా

పోయినసారి నేను అడిగింది ఇదీ: 74 ఏళ్ల నాన్నకి మతిమరుపు పెరుగుతోంది, జీన్ థెరపీతో (జన్యువుని శరీరంలోకి పంపి చేసే చికిత్స) మెదడు మళ్లీ చురుగ్గా అవుతుందని ఒక క్లినిక్ వాళ్లు అంటున్నారు, డబ్బు కట్టొచ్చా అని. కట్టలేదు.

న్యూరాలజిస్ట్‌కి చూపించాం. వయసుతో వచ్చే మతిమరుపుకి ఆమోదం పొందిన జీన్ థెరపీ ఏదీ లేదని ఆవిడ ముందే తేల్చేశారు. అలాగని అంతా కట్టుకథ కాదట. ముసలి కోతుల మెదడులోకి ఎన్‌జీఎఫ్ అనే ప్రోటీన్ తయారుచేసే జన్యువు చేర్చిన కణాలను పంపితే, కుంచించుకుపోయిన నాడీకణాలు చాలావరకు కోలుకున్నాయని 1999లోనే ఒక పరిశోధన వచ్చింది. అది వినగానే నాకు ఆశ పుట్టింది. కాసేపే లెండి. అదే జన్యువును తర్వాత అల్జీమర్స్ రోగులపై ప్రయోగించారు. 49 మందిలో కొందరికి నిజంగా ఎక్కించారు, మిగతావాళ్లకి ఉత్తుత్తి ఆపరేషన్ చేశారు. రెండు గుంపుల మధ్యా తేడా కనబడలేదు. చనిపోయాక కొందరి మెదళ్లు పరీక్షిస్తే, మందు చేరాల్సిన కణాల దాకా చేరనే లేదని తేలింది. పుర్రెకు రంధ్రం చేసి, సన్నటి సూదితో వైరస్ ద్వారా జన్యువును లోపలికి పంపినా పరిస్థితి అదీ! డబ్బు కట్టమన్న ఆ క్లినిక్ మనిషేమో సెలైన్‌లా చేతికి ఎక్కిస్తే చాలన్నాడు.

నాన్నకి రక్తపరీక్షలో విటమిన్ బీ12 బాగా తక్కువని తేలింది, మతిమరుపుకి అదీ ఒక కారణం కావచ్చట. ఇంజెక్షన్లు మొదలై 3 నెలలైంది. అడిగిందే అడగడం తగ్గింది, పేర్లకి మాత్రం ఇంకా తడుముకుంటున్నారు. వచ్చే నెల మళ్లీ జ్ఞాపకశక్తి పరీక్ష ఉంది.