గ్రీకు వాళ్ళు నిజంగా బద్ధకస్తులా? మా తమ్ముడు అక్కడికి పనికి వెళ్తున్నాడు

అమలాపురం కుర్రాడు:
మా తమ్ముడికి గ్రీస్‌లో, క్రీట్ ద్వీపంలో ఒక హోటల్ కిచెన్‌లో పని కుదిరింది. ఇంట్లో అప్పటినుంచి ఒకటే టెన్షన్. "వాళ్ళు పని చేయరు, అప్పులు చేసి తిని కూర్చుని దేశాన్ని ముంచేశారు, అలాంటి వాళ్ళు మనోడికి జీతం ఏమిస్తారు" అని మా పెదనాన్నగారు పట్టుబట్టారు. కువైట్ అయితే సరే అంటారు. గ్రీస్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

భీమవరం టు బెర్లిన్:
ఆ మాట ఇక్కడ జర్మనీలో నేనూ విన్నాను. 2010లో గ్రీస్ దివాలా అంచుకొచ్చి 11,000 కోట్ల యూరోల సాయం తీసుకుంది కదా, ఆ కోపంలో పుట్టిన ముద్ర ఇంకా పోలేదు. లెక్కలు చూస్తే అంతా తిరగబడుతుంది. 2022లో ఒక గ్రీకు పనివాడు ఏడాదికి సగటున 1,850 గంటల పైనే పనిచేశాడు, జర్మన్ 1,350 లోపే. జర్మనీలో పార్ట్‌టైమ్ వాళ్ళు ఎక్కువ కాబట్టి తేడా అంత కనిపిస్తుంది, కానీ ఎలా చూసినా బద్ధకం అనే మాట నిలవదు. గ్రీస్‌లో చిన్న చిన్న కుటుంబ దుకాణాలు, టూరిజం ఎక్కువ, గంటలు ఎక్కువ పెట్టినా చేతికొచ్చేది తక్కువ. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది, పని లేనివాడిని పని చేయనివాడు అనడం ఏం న్యాయం?

ఉండి చెరువుల రైతు:
పెదనాన్నగారి మాట మన ఊళ్ళలో రోజూ వినేదే. ఊడ్పులకు బెంగాల్ నుంచి బ్యాచ్‌లు దిగాక "మనోళ్ళకి ఒళ్ళు వంగట్లేదు, వాళ్ళే నయం" అంటున్నారు. గట్టు మీద నిలబడి చూస్తే అలాగే ఉంటుంది మరి. వాళ్ళకి ఎకరాకి ఇంత అని గుత్త, అందుకే తెల్లారకముందే ఆకుమడిలో నారు పీకి కట్టలు కట్టేసి, ఎండెక్కేసరికి సగం చేను నాటేస్తారు. మన ఆడవాళ్ళు ఇంట్లో వండి, పిల్లల్ని బడికి పంపి రోజు కూలికి వస్తారు. ఆ ఆడవాళ్ళలోనే కొందరు కువైట్ వెళ్ళి పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా ఇంటి చాకిరీ చేస్తున్నారు, అక్కడ వాళ్ళని బద్ధకస్తులు అనే మగాడు ఉన్నాడా? నాకు ఈ మాట వింటేనే మంట.

కాకినాడ అక్క:
తమ్ముడూ, గ్రీకుల స్వభావం గురించి బెంగ వదిలెయ్. చూడాల్సింది యజమానిని. 2013లో మనోలాడ అనే చోట స్ట్రాబెర్రీ తోటల్లో బంగ్లాదేశ్ కూలీలు నెలల తరబడి రాని జీతం అడిగితే, కాపలావాళ్ళు తుపాకులతో కాల్చారు, చాలామంది గాయపడ్డారు. ఆ కేసులో 2017లో యూరప్ మానవ హక్కుల కోర్టు గ్రీస్ ప్రభుత్వాన్నే తప్పుపట్టింది. అలాగని అందరు యజమానులూ అంతేనని కాదు. క్రీట్‌లో చాలా హోటళ్ళు వేసవి సీజన్‌కే నడుస్తాయి, చలికాలం జీతం ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. గంటలు, ఓవర్‌టైమ్, బస అన్నీ కాగితం మీద ఉన్నాయా?

అమలాపురం కుర్రాడు:
కాగితం వీసా వచ్చాక ఇస్తానంటున్నాడు ఏజెంట్. డబ్బు మాత్రం ఈ వారమే కట్టమంటున్నాడు అక్కా.

కాకినాడ అక్క:
అయితే కట్టకండి. కాంట్రాక్ట్ చేతికొచ్చి, హోటల్‌కి మీరే ఫోన్ చేసి మాట్లాడాకే మిగతా సంగతి.