పిల్లలు చేసే సంక్రాంతి కానుకలో పెద్దల చెయ్యి ఎంతవరకు?

పర్లాకిమిడి కోడలు
మా ఊళ్లో ఒక ప్లేస్కూలు నుంచి తల్లులందరికీ కబురొచ్చింది. సంక్రాంతి సెలవులకి ముందు పిల్లలు తాతయ్య కోసమో నాన్నమ్మ కోసమో సొంతంగా ఒక కానుక చేసి తేవాలట. బల్ల మీద పెట్టి, బాగున్నవాటికి బహుమతి ఇచ్చి, ఆ తర్వాత ఇంటికి పంపిస్తారట. పిల్లలకి మూడేళ్లు, నాలుగేళ్లు.

వాట్సాప్ గ్రూపులో ఫొటోలు మొదలయ్యాయి. థర్మాకోల్ పూరిల్లు, గడ్డి వేసిన ఎడ్లబండి, అద్దాలు కుట్టిన గాలిపటం. నాలుగేళ్ల పిల్లకి తిన్నటి గీత మీద కత్తెర నడపడమే అప్పుడప్పుడే వస్తుంది. గుండ్రంగా కత్తిరించడానికి ఇంకా ఏడాదో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఆ బండి చక్రాలు పిల్లలు కోసినవి కావని మనందరికీ తెలుసు, పిల్లలకీ తెలుసు. నన్ను బాధపెట్టేది ఆ రెండోదే.

నా మాట ఇది. సామాను తెచ్చిపెట్టడం, చాప పరవడం, జిగురు గిన్నెలో పోసివ్వడం మన పని. పిల్ల మొదలుపెట్టాక దాని మీద మన చెయ్యి పడకూడదు. వంకర అంటించినా, సగంలో వదిలేసినా సరే. మీరేమంటారు?

రాయగడ నర్సమ్మ
అక్కా, నేను ఒప్పుకోను. పొద్దున్నే డ్యూటీకి పోయి చీకటి పడ్డాక ఇంటికొచ్చేదాన్ని. మావాడు రెండు నిమిషాలు అంటించి లేచిపోతాడు. అలాగే పంపితే బల్ల మీద వాడిది ఓ మూల పడుంటుంది, పక్కన ఎడ్లబండి ఉంటుంది. నాలుగేళ్లవాడికి తేడా తెలీదనుకుంటున్నారా? కిందటిసారి ఇంకో పండక్కి ఇలాగే పంపితే వాడు దాన్ని చేత్తో కప్పుకుని నిలబడ్డాడని ఆయమ్మ చెప్పింది. అందుకే అంచులు నేను సరిచేస్తాను, రంగు వాడు వేస్తాడు. అన్నం ముద్ద కలిపి చేతిలో పెట్టినట్టే ఇదీ. బిడ్డకి సాయం చెయ్యడం తప్పెలా అవుతుంది?

బరంపురం తాతయ్య
అమ్మలూ, ఆ కానుక పుచ్చుకునేవాళ్లలో ఒకణ్ణి కాబట్టి నా మాటా వినండి.

నా మనవరాలు ఇచ్చిన కాగితం ఒకటి గోడకి ఉంది. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దింది. ఐదు రేకల పువ్వులు పడతాయి కదా, కొన్ని పడ్డాయి, కొన్ని ముద్దయిపోయాయి. ఒక మూల బొటనవేలి ముద్ర ఉంది, అది అనుకోకుండా పడింది. ఇంటికెవరొచ్చినా నేను ముందు చూపించేది ఆ ముద్రనే. కొట్లో కొన్న ఫ్రేము ఎంత ఖరీదైనా అలమరలోకి పోతుంది.

ఇంకొకటి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు ఈ పక్కనే ఉండిపోయిన తెలుగు ఇళ్లు మావి. మా పిల్లలు ఒడియా, ఇంగ్లీషు చదువుకుంటారు. మా ఇంటావిడకి తెలుగు తప్ప రాదు. బడివాళ్లు కార్డు మీద అచ్చులో ఇంగ్లీషు వాక్యం అంటించి పంపుతారు, ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి నాకిస్తుంది. మీరు చెయ్యి పెట్టాలనుకుంటే అక్కడ పెట్టండి. నాన్నమ్మకి ఏం చెప్పాలని ఉందో పిల్లని అడిగి, అది చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాయండి. 'నాన్నమ్మా నీ కాళ్లు నొప్పులా, మా ఇంట్లో మంచం ఉంది' అంటే అదే రాయండి. బాగుచేసి 'సంక్రాంతి శుభాకాంక్షలు' అని మార్చకండి.

పర్లాకిమిడి కోడలు
బాబాయ్ గారూ, కార్డు సంగతి నాకు తట్టలేదు, చాలా మంచి మాట చెప్పారు. రాసిపెట్టడం నా లెక్కలో చెయ్యి పడటం కాదు. పిల్లకి రానిది రాత ఒక్కటే, మాట దానిదే కదా.

చెల్లెమ్మా, నీ అవస్థ అర్థమైంది. కానీ అంచు నువ్వు సరిచేస్తుంటే పక్కన కూర్చుని చూసే బిడ్డకి ఏం తెలుస్తుంది? నేను చేసింది చాల్లేదు అని. వాడు చేత్తో కప్పుకున్నది బల్ల వల్ల, వంకర వల్ల కాదు.

గుణుపురం అంగన్‌వాడీ అమ్మ
మీ ఇద్దరూ పని మధ్యలో చెయ్యి పెట్టాలా వద్దా అని వాదించుకుంటున్నారు. నా అనుభవంలో గొడవంతా ముందే, వయసుకి మించిన పని ఎంచుకోవడంలో ఉంది. పిల్ల మొదటినుంచి చివరిదాకా చెయ్యగలిగింది ఇస్తే మీ చెయ్యి అవసరమే పడదు.

మూడేళ్లవాళ్లు చింపుతారు, ముద్ద చేస్తారు, అద్దుతారు. పాత క్యాలెండరు చింపిన ముక్కలు అట్ట మీద అంటించడం వాళ్లకి చాలు. నాలుగైదేళ్లవాళ్లు గుచ్చగలరు. పెద్ద పూసలో, ముక్కలు చేసిన స్ట్రాలో దారానికి ఎక్కిస్తే నాన్నమ్మకి దండ. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే మాత్రం పూసలు, గింజలు వద్దు, గొంతుకి అడ్డం పడతాయి.

మా ఊళ్లో అందరికీ నచ్చేది పసుపు ఆట. పసుపు నీళ్లలో కలిపి తెల్ల గుడ్డ మీద పిల్లలు చేత్తో పూస్తారు. ఆరాక సున్నపుతేట ఒక చుక్క వేస్తే అక్కడ ఎర్రగా తిరుగుతుంది. మనకి పారాణి కలపడం తెలిసిందే కదా, వాళ్లకి మాత్రం అదో గారడీ. ఆ చుక్క పెద్దవాళ్లే వెయ్యాలి, సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. అలా చేసిన చేతిగుడ్డని తాతయ్యకి ఇవ్వొచ్చు. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది కాబట్టి నీడలో ఆరబెట్టుకోమని చెప్పండి.

ఉప్పు పిండి బొమ్మలూ చెయ్యొచ్చు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, నీళ్లు ఒక కప్పుకి కాస్త తక్కువ, కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండికన్నా గట్టిగా కలపాలి. పిల్ల అరచెయ్యి అద్ది, పైన పుల్లతో కన్నం పెట్టి, ఎండలో తిప్పుతూ ఆరబెడితే గోడకి తగిలించుకోవచ్చు. నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండాలి, అంత ఉప్పు పసిపిల్లలకి మంచిది కాదు. బరంపురం, గోపాలపురం వైపు సముద్రపు గాలికి ఆ ఉప్పు చెమ్మ పీల్చి బొమ్మ మెత్తబడుతుంది. బాగా ఆరాక పైన ఫెవికాల్ పూస్తే నిలుస్తుంది.

రాయగడ నర్సమ్మ
అమ్మా, ఇది నాకు పనికొచ్చే మాట. వయసుకి తగ్గ పని అంటే ఒప్పుకుంటాను. కానీ బల్ల మీద ఎడ్లబండి ఎదురుగానే ఉంటుంది కదా. అందరు తల్లులూ ఆగేదాకా నేనొక్కదాన్నే ఆగితే నష్టపోయేది నా బిడ్డే.

జయపురం నాన్న
ఆ బహుమతి గురించి ఎవరూ మాట్లాడటం లేదు, నాకు అదే అసలు తగువు.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీలో ఒక ప్రయోగం చేశారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు, స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టం ఉన్నవాళ్లు. కొందరికి 'గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందు చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి చూస్తే, ముందు ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు.

అంటే బహుమతి ఇవ్వడం కన్నా ముందే దాని ఆశ చూపించడంలోనే నష్టం ఉంది. పైగా ఇది తాతయ్యకి ఇచ్చే కానుక. మొదటి స్థానం వచ్చిన ప్రేమ, మూడో స్థానం వచ్చిన ప్రేమ అని ఉంటాయా? పోటీ ఉన్నంతకాలం రాయగడ చెల్లెమ్మ లాంటివాళ్లు అంచులు సరిచేస్తూనే ఉంటారు. వాళ్లని తప్పుపట్టను.

కాశీనగరం అత్త
బడి చెప్పేదాకా మన పిల్లలు చేత్తో ఏమీ చెయ్యలేదన్నట్టు మాట్లాడుతున్నారు. ధనుర్మాసంలో భోగి పిడకలు చేసేది ఎవరు? పేడ ముద్ద అరచేతిలో పెట్టుకుని తట్టి, నడిమిన వేలితో కన్నం పెట్టి, అరుగు మీద ఆరేసి, ఎండాక పురికొసకి గుచ్చి దండ చేసేది మన పిల్లలే. ఒకటి పూరీ అంత, ఒకటి రూపాయి బిళ్లంత. ఏ తల్లీ కూర్చుని అన్నీ ఒక సైజుకి దిద్దలేదు. భోగినాడు తెల్లవారుజామున మంటలో వేస్తుంటే ఎవరిది గుండ్రంగా ఉందని ఎవరూ చూడలేదు.

నన్నడిగితే నాన్నమ్మకి ఇచ్చేదానికి చిమ్మిలి ఉండలు చాలు. పాకం పని లేదు, పొయ్యి దగ్గరికి పిల్లల్ని రానివ్వక్కర్లేదు. వేయించి చల్లారిన నువ్వులు, బెల్లం మనం దంచి పళ్లెంలో పోసిస్తే, వాళ్లు చిన్న చేతులకి ఎంత పడితే అంత తీసి ఉండ చేస్తారు. అణిగీ అణగని ఉండలే వస్తాయి, ముట్టుకుంటే విడిపోతాయి కూడా. నాన్నమ్మలు వాటినే ముందు తింటారు.

రాయగడ నర్సమ్మ
అత్తా, చిమ్మిలి మావాడూ చేస్తాడు, దంచకముందే సగం తినేస్తాడు కూడా. ఇంటి దగ్గర నాకే బెంగా లేదు, మా అత్తగారు ఏమిచ్చినా ముద్దుపెట్టుకుంటారు. నా బెంగంతా ఆ బల్లే. జయపురం అన్నయ్య చెప్పినట్టు బహుమతి తీసేస్తే అంచులు సరిచెయ్యనని ఇక్కడే చెప్తున్నాను. తియ్యకపోతే మాత్రం చేస్తాను, అప్పుడు నన్ను ఏమీ అనకండి.

పర్లాకిమిడి కోడలు
అనను చెల్లెమ్మా. నువ్వు చెప్పిన తర్వాత నేను అడగాల్సింది తల్లుల్ని కాదని అర్థమైంది, బడిని. సోమవారం వెళ్లి మూడు విషయాలు అడుగుతాను. బహుమతి వద్దు. వీలైతే ఇంటి దగ్గర కాకుండా బడిలోనే, అందరికీ ఒకే సామాను ఇచ్చి, ఒకే పూట చేయించండి. పక్కన అచ్చు వాక్యం అంటించకుండా ఖాళీ కాగితం పంపితే పిల్ల చెప్పింది ఇంటి భాషలో మేం రాసుకుంటాం, తెలుగో ఒడియానో సవరనో.

గుణుపురం అమ్మా, ఆ పసుపు గుడ్డకి ఎలాంటి బట్ట తీసుకోవాలో, ముందు ఉతికి గంజి తియ్యాలా అన్నది కాస్త చెప్పండి. అది కూడా రాసి పట్టుకెళ్తాను.

గుణుపురం అంగన్‌వాడీ అమ్మ
నూలుగుడ్డ తీసుకోండి, పాత తెల్ల పంచె అయితే మరీ మంచిది. కొత్తదైతే గంజి పోయేదాకా ఉతకాలి, లేకపోతే పసుపు మరకలు మరకలుగా పడుతుంది. అంచులు కుట్టకుండా వదిలెయ్యండి.