పంట వ్యర్థాలతో వాహన ఇంధనం: అభివృద్ధి చెందుతున్న దేశాలకు గిట్టుబాటయ్యేదేనా?

నాగలి:
వరిగడ్డి, చెరకు పిప్పి, మొక్కజొన్న చొప్పలతో ఇథనాల్ తీస్తే తిండిగింజలను ముట్టకుండానే చమురు దిగుమతులు కొంత తగ్గించుకోవచ్చంటారు. హర్యానాలోని పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ఇండియన్ ఆయిల్ కర్మాగారం 2022 ఆగస్టులో ప్రారంభమైంది కూడా. అభివృద్ధి చెందుతున్న దేశాలు ఇందులో పెట్టుబడి పెట్టడం సమంజసమేనా?

గడ్డివాము:
గడ్డి నుంచి ఇథనాల్ వస్తుందనడంలో సందేహం లేదు. గడ్డి కర్మాగారానికి చేరడమే కష్టం. పానిపట్‌లో ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్లు తీయాలన్నది లక్ష్యం, అంటే టన్నుకు 150 లీటర్లు. వరి కోతకూ గోధుమ విత్తడానికీ నడుమ దొరికే రెండు మూడు వారాల్లోనే కొయ్యకాళ్లను కోసి, పోగుచేసి, బేలర్‌తో కట్టలు కట్టి పొలం ఖాళీ చేయాలి. బేలర్ వంతు వచ్చేదాకా ఆగలేకనే చిన్న రైతు నిప్పు పెడుతున్నాడు. ఆ కట్టలను ఏడాది పొడవునా తడవకుండా కాపాడాలి, ఎందుకంటే బూజు పట్టిందంటే చక్కెరగా మారి ఇథనాల్ కావలసిన సెల్యులోజు (గడ్డిలోని పీచు పదార్థం) ముందే తరిగిపోతుంది. యంత్రంలోకి వెళ్లాక గడ్డిలోని సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం), అంటుకొచ్చిన మట్టి కలిసి కత్తులనూ గొట్టాలనూ అరగదీస్తాయి. అమెరికాలోని అయోవాలో డ్యూపాంట్ కంపెనీ 2015లో తెరిచిన మొక్కజొన్న చొప్ప ఇథనాల్ కర్మాగారం 2017లోనే మూతపడింది. డౌ కంపెనీతో విలీనం తరువాత డ్యూపాంట్ ప్రాధాన్యాలు మారడం అందుకు ఒక కారణమే అయినా, లాభాలు వస్తున్న దాన్ని ఎవరూ అంత తొందరగా వదులుకోరని నా అభిప్రాయం.

చెరకుతోట:
గడ్డివాము గారూ, మీ అభ్యంతరమంతా వరిగడ్డికే వర్తిస్తుంది. పిప్పి చెరకుతోపాటే మిల్లుకు వస్తుంది కనుక విడిగా సేకరించే పని లేదు. బ్రెజిల్‌లో రైజెన్ కంపెనీ పిరసికాబాలోని తన మిల్లు పక్కనే పిప్పి ఇథనాల్ కర్మాగారం పెట్టింది అందుకే.

గడ్డివాము:
నిజమే, కానీ ఆ పిప్పి ఊరికే పడి లేదు; మిల్లు బాయిలర్‌కు అదే ఇంధనం. మెరుగైన బాయిలర్లు పెట్టి మిగిల్చిన పిప్పినీ, ఇథనాల్ తీశాక మిగిలే లిగ్నిన్‌ను (మొక్కకు గట్టిదనమిచ్చే, పులియని పదార్థం) మండించడాన్నీ లెక్కలోకి తీసుకుంటే మీ వాదన నిలుస్తుంది. వరిగడ్డికి మాత్రం ఊళ్లకు దగ్గరలో చిన్న బయోగ్యాస్ ప్లాంట్లే మేలు. శుద్ధిచేసి సిలిండర్లలో నింపిన గ్యాసుతో వాహనాలు నడుస్తాయి, మిగిలిన మడ్డితో నత్రజని, పొటాష్ తిరిగి పొలానికే చేరతాయి. గడ్డిలో లిగ్నిన్ గ్యాసుగా మారదు, నత్రజనీ తక్కువే కనుక పేడ కలపడం, ముందుగా నానబెట్టడం తప్పవు. ఏ ప్లాంటుకైనా అనుమతి ఇచ్చేముందు, పశువుల మేతకు పోను ఆ చుట్టుపక్కల నిజంగా ఎంత గడ్డి మిగులుతోందో కొలిచి తీరాలి.