మైలోమాతో పాటు అమిలాయిడోసిస్: మూలకణ మార్పిడి ముందా, మందులు ముందా?

హెమటాలజీ రెసిడెంట్: వెన్నునొప్పితో వచ్చిన 57 ఏళ్ల రోగికి ఎముకల్లో రంధ్రాలు, మజ్జలో 40 శాతం ప్లాస్మా కణాలు, రక్తంలో లాంబ్డా లైట్ చెయిన్లు (ఆ కణాలు విడుదల చేసే ప్రోటీన్ ముక్కలు) కనిపించడంతో మైలోమాగా, అంటే ప్లాస్మా కణాల క్యాన్సర్‌గా, నిర్ధారించాము. అయితే 24 గంటల మూత్రంలో పోతున్న 5 గ్రాముల ప్రోటీన్‌లో అధికభాగం ఆల్బుమిన్ కావడంతో, అసాధారణ ప్రోటీన్ (అమిలాయిడ్) అవయవాల్లో పేరుకునే అమిలాయిడోసిస్ కూడా ఉందేమోనని అనుమానం కలిగింది. పొట్ట కొవ్వు నమూనాకు కాంగో రెడ్ రంగు వేసి చూస్తే ధ్రువణ కాంతిలో ఆకుపచ్చగా మెరిసింది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 1,900 (గుండెపై ఒత్తిడిని చూపే రక్తపరీక్ష ఇది), పై రక్తపోటు 96. మూడు నాలుగు విడతల మందుల తర్వాత మార్పిడి (అధిక మోతాదు కీమో ఇచ్చి, ముందే సేకరించిన సొంత మూలకణాలను తిరిగి ఎక్కించడం) చేయాలా అన్నదానిపై మా విభాగంలోనే ఏకాభిప్రాయం లేదు.

మార్పిడి వైపు: చేయాలనే నా అభిప్రాయం. ఎముకలు దెబ్బతిన్న మైలోమా ఇది; ఈ వయసులో మార్పిడిని వదులుకోవడం తేలిక కాదు. పై రక్తపోటు 90కి పైన, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 5,000కు లోపల ఉన్నాయి కాబట్టి, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతినడాన్ని చూపే పరీక్ష) కూడా అనుకూలిస్తే, ఆయన అర్హుడే.

మందుల వైపు: అర్హత ఉన్నంత మాత్రాన అవసరం ఉన్నట్టు కాదండీ. అమిలాయిడోసిస్ రోగులపై 2007లో వెలువడిన ఫ్రెంచ్ అధ్యయనంలో మార్పిడి చేయించుకున్నవారిలో 24 శాతం మంది ఆ చికిత్స వల్లనే మరణించారు. లైట్ చెయిన్ అమిలాయిడోసిస్ రోగులపై జరిగిన ఆండ్రోమెడా క్లినికల్ ట్రయల్లో మాత్రం బోర్టిజోమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్‌లకు డారాటుముమాబ్‌ను జోడిస్తే రక్తంలో పూర్తి ప్రతిస్పందన (అసాధారణ ప్రోటీన్ కనిపించకుండా పోవడం) 18 నుంచి 53 శాతానికి పెరిగింది.

మార్పిడి వైపు: ఆ ఫ్రెంచ్ అధ్యయనం రోగుల ఎంపిక ఇంత కట్టుదిట్టంగా లేని కాలానిది. పైగా, లక్షణాలున్న మైలోమా రోగులను ఆండ్రోమెడాలో అసలు చేర్చుకోనేలేదు! మీరు చూపుతున్న ఆ 53 శాతంలో ఈ రోగి లాంటివారు లేరు.

పాథాలజిస్టు: ఇద్దరూ ఒక మెట్టు దాటేశారు. ఆకుపచ్చ మెరుపు అమిలాయిడ్ ఉందని మాత్రమే చెబుతుంది, ఏ ప్రోటీన్‌తో తయారైందో చెప్పదు. మైలోమా ఉన్న మనిషి గుండెలో, మైలోమాతో సంబంధం లేని ట్రాన్స్‌థైరెటిన్ అమిలాయిడ్ కూడా ఉండవచ్చు. ఇక్కడ ఆల్బుమిన్ నష్టం లైట్ చెయిన్ల వైపే చూపుతున్నా, వీలైతే మాస్ స్పెక్ట్రోమెట్రీతో (ఏ ప్రోటీనో గుర్తించే పరీక్ష) రకం తేల్చండి.

మందుల వైపు: ఒప్పుకుంటున్నాను, ఆండ్రోమెడా ఈ రోగికి నేరుగా వర్తించదు. అయినా మందులు మొదలుపెట్టి, లైట్ చెయిన్లు వేగంగా తగ్గితే మార్పిడిని వాయిదా వేయాలనే అంటాను. కార్ఫిల్‌జోమిబ్ అనే మైలోమా మందు జోలికి మాత్రం వెళ్లకండి, ఈ గుండె దాన్ని తట్టుకోలేదు.

మార్పిడి వైపు: వాయిదాకు నాకు అభ్యంతరం లేదు. కానీ డారాటుముమాబ్ వాడినవారిలో మూలకణాలు తక్కువగా దొరుకుతాయి కాబట్టి, మొదటి కొన్ని విడతలు కాగానే వాటిని సేకరించి నిల్వ చేయండి.