అప్‌డేట్: సీఆర్‌పీ జెల్ షిఫ్ట్‌లో స్మియర్ పోయింది

ఈ.కోలై బ్యాక్టీరియాలో జన్యువులను నియంత్రించే ప్రోటీన్ సీఆర్‌పీని ల్యాక్ ప్రొమోటర్ (ల్యాక్టోజ్ జన్యువులకు స్విచ్ లాంటి డీఎన్ఏ) ముక్కతో కలిపి జెల్ షిఫ్ట్ (ప్రోటీన్ అతుక్కున్న డీఎన్ఏ జెల్‌లో నెమ్మదిగా కదులుతుందా అని చూసే పరీక్ష) చేస్తే, పైన బ్యాండ్ రాకుండా లేన్ పొడవునా స్మియర్ (మసక చార) వస్తోందని ఇంతకుముందు అడిగాను కదా. ఇప్పుడు బ్యాండ్ గీత గీసినట్టు వస్తోంది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అసలు కిటుకు సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు దగ్గరే ఉంది. అది అతుక్కుని ఉంటేనే సీఆర్‌పీ డైమర్ (రెండు అణువుల జంట) డీఎన్ఏ మీద తన 22 బేస్ జతల సైట్‌ను గట్టిగా పట్టుకుంటుంది. బైండింగ్ మిక్స్‌లో మాత్రమే వేస్తే, కరెంట్ పెట్టాక ఆ చిన్న అణువు విడిపోయి తన దారిన పోతుంది. కాంప్లెక్స్ (సీఆర్‌పీ, డీఎన్ఏ జోడీ) మధ్యలోనే ఊడిపోతుంది, స్మియర్ అదే. అందుకే జెల్‌లోనూ, రన్నింగ్ బఫర్‌లోనూ సైక్లిక్ ఏఎంపీని 20 మైక్రోమోలార్ కలపాలి. రుణావేశం ఉన్న అణువు కాబట్టి పై ట్యాంక్‌ను మరవకూడదు, కిందికి సరఫరా అయ్యేది అక్కడి నుంచే. అలాగని మిల్లీమోలార్ల దాకా పోతే పట్టు మళ్లీ సడలుతుంది.

మిగతావి: 6 శాతం నేటివ్ జెల్ (ప్రోటీన్ ఆకారం చెడకుండా నడిపేది), 0.5ఎక్స్ టీబీఈ బఫర్, 4 డిగ్రీలు. ప్రోబ్ (గుర్తు పెట్టిన డీఎన్ఏ ముక్క) 1 నానోమోలార్ చాలు. బ్రోమోఫినాల్ బ్లూ రంగును ఖాళీ లేన్‌లోనే వేయండి, కొన్ని కాంప్లెక్స్‌లను అది చెడగొడుతుంది.

సీఆర్‌పీ గుర్తుపట్టే టీజీటీజీఏ మోటిఫ్ (అక్షరాల వరస) మార్చిన ప్రోబ్ కూడా షిఫ్ట్ అవుతుంటే కాంపిటీటర్ డీఎన్ఏ (ఎక్కడపడితే అక్కడ అతుక్కునే ప్రోటీన్‌ను లాగేసుకోవడానికి వేసే వేరే డీఎన్ఏ) చాలలేదన్నమాట.