ముల్లంగి దుంపలు చీలి, బెండు బారుతున్నాయి: కారణం చెప్పగలరా?

అనంతపురం దగ్గర మాకున్న ఎర్ర గరప నేలలో, వేరుశనగ తీసిన తరువాత, బోరు నీటి ఆధారంగా 20 సెంట్లలో పూసా చేట్కి ముల్లంగిని ఫిబ్రవరి చివర బోదెల మీద విత్తాను. ఈ రకం ఎండను తట్టుకుంటుందని, 40 నుంచి 45 రోజుల్లో కోతకు వస్తుందని ఎంచుకున్నాను. ఆకు మోకాలెత్తు పెరిగింది. ఇంట్లో రోజూ దానితోనే పప్పు.

నిన్న, 43వ రోజున, నాలుగు మొక్కలు పెరికి చూస్తే మూడింటి దుంపలు జానెడు లోతుకైనా దిగకుండా రెండు కాళ్లుగా చీలి ఉన్నాయి. ఒకదాని సందులో రేగుపండంత గులకరాయి ఇరుక్కుని కనిపించింది. నాలుగవది నిటారుగానే దిగింది గాని, కోస్తే లోపల దూదిలా బెండు బారి ఉంది.

దిబ్బ ఎరువు సరిగా చివకకముందే వేయడం నా పొరపాటే. మోటారు కాలిపోయి తొమ్మిది రోజులు నీరు ఆగడం, ఆపై ఒక్కసారిగా పారించడం కూడా జరిగింది. బెండు బారడానికి ఆ ఎద్దడి ఒక్కటే కారణమా, లేక ఎండలు ముదిరాక ఇంకా ముందే పెరకాలా? మిగిలిన పంటను వెంటనే పెరికేయడం మేలా? అక్టోబరులో మళ్లీ విత్తాలనుకుంటున్నాను. రాళ్లన్నీ ఏరడం సాధ్యం కాని ఇలాంటి నేలలో చెరువు మట్టి తోలించి, అడుగు ఎత్తు బోదెలు వేస్తే దుంప నిటారుగా దిగుతుందా? ఇటువంటి నేలలో ముల్లంగి పండించినవారు దయచేసి తెలియజేయగలరు.