డాకర్‌లో నడిచే పీహెచ్‌పీకి వీఎస్ కోడ్‌లో ఎక్స్‌డీబగ్ అమరిక: బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగడం లేదు

నమస్కారం. నేను హైదరాబాదులో, అమీర్‌పేటలోని ఒక శిక్షణ కేంద్రంలో సాయంకాలం విద్యార్థులకు పీహెచ్‌పీ బోధిస్తున్నాను. వారు ప్రతి పంక్తి తర్వాత ఎకో రాసి విలువలు వెతుక్కునే అలవాటు మాని, ప్రోగ్రామును మధ్యలో ఆపి పరిశీలించడం నేర్చుకోవాలని నా కోరిక. అందుకే ఈ అమరిక నాకు చాలా ముఖ్యం.

ఉబుంటు కంప్యూటరులో వీఎస్ కోడ్ ఎడిటరు, డాకర్ కంటైనరులో (అదే కంప్యూటరులో విడిగా నడిచే వాతావరణంలో) పీహెచ్‌పీ 8.2, ప్రోగ్రామును మధ్యలో ఆపి చూపే సాధనం ఎక్స్‌డీబగ్ 3 ఉన్నాయి. పాత పాఠాల్లో కనిపించే 9000 పోర్టు, రిమోట్ ఎనేబుల్ వంటివి మూడో వెర్షనులో మారిపోయాయి కనుక, మోడ్‌ను డీబగ్‌గా, స్టార్ట్ విత్ రిక్వెస్ట్‌ను యెస్‌గా పెట్టి, రెండు వైపులా 9003 పోర్టునే ఇచ్చాను. లాగ్ ఫైలు చూస్తే ఎడిటరుతో కనెక్షన్ కుదిరినట్టే ఉంది. అయినా బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాము ఆగాల్సిన పంక్తి దగ్గర పెట్టే గుర్తు) ఎర్ర చుక్క బూడిద రంగు వలయంగా మారిపోయి, పేజీ ఎక్కడా ఆగకుండా పూర్తవుతోంది. కోడులోనే ఎక్స్‌డీబగ్ బ్రేక్ ఫంక్షన్‌ను పిలిస్తే మాత్రం ఆగుతోంది, కానీ కంటైనరులోని పాత్ (ఫైలు ఉన్న చోటు) చూపించి, ఆ ఫైలు దొరకలేదని చెబుతోంది.

దీన్నిబట్టి లోపం పాత్ మ్యాపింగ్స్‌లోనే (కంటైనరులోని పాత్‌ను కంప్యూటరులోని పాత్‌తో జతచేసే అమరికలోనే) ఉందని నా అభిప్రాయం. కంటైనరులో ప్రాజెక్టు ఫోల్డరు ఒక చోట, ఉమ్మడి లైబ్రరీ మరొక చోట మౌంట్ అయ్యాయి (జోడించి ఉన్నాయి). లైబ్రరీకి ప్రాజెక్టులో సింబాలిక్ లింకు (అసలు ఫోల్డరు వైపు చూపే లింకు) ఉంది. లాంచ్ ఫైలులో (వీఎస్ కోడ్ డీబగ్ అమరికలు ఉండే ఫైలులో) రెండింటికీ వేర్వేరు జతలు రాయాలా? లైబ్రరీకి లింకు పాత్ ఇవ్వాలా, అసలు పాత్ ఇవ్వాలా? ఇలాంటి అమరిక వాడుతున్నవారు దయచేసి తమ పాత్ మ్యాపింగ్స్ భాగాన్ని వివరిస్తే, విద్యార్థుల కంప్యూటర్లన్నింటిలోనూ అదే పెడతాను.